అరిగిన బోల్టులకు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ సెట్: వాడి చూశాక

మా పాత లారీ సైలెన్సర్ క్లాంపు బోల్టులు ఊడక రెండు రోజులు ఆగిపోయాను. 17 మి.మీ. సాకెట్ ఎక్కదు, 18 ఎక్కినా జారుతుంది. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే అవి 11/16 అంగుళం బోల్టులు, అంటే 17.46 మి.మీ. అప్పటికే 18తో తిప్పి తిప్పి రెండు తలలూ గుండ్రం చేసేశాను. చాలా బాధేసింది.

అప్పుడు కొన్నాను ఈ సెట్. సాకెట్ లోపల మెలి తిరిగిన పళ్లుంటాయి. తల కంటే కాస్త చిన్న సైజు తీసుకుని సుత్తితో దిగ్గొట్టాలి. విప్పే వైపు తిప్పేకొద్దీ పళ్లు ఇంకా లోతుగా కరుస్తాయి. రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాను. పొద్దున పొడవాటి హ్యాండిల్‌తో నెమ్మదిగా బలం పెడితే మొదటిది కిర్రుమని కదిలింది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది! రెండోది ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడిస్తే గానీ రాలేదు.

ఊడిన బోల్టు సాకెట్లోనే ఇరుక్కుంటుంది, వెనక నుంచి పంచ్ (ఇనుప కడ్డీ లాంటి పనిముట్టు) పెట్టి కొట్టి తీయాలి. ఆ బోల్టు మళ్లీ పనికిరాదు, కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి. లోతు తక్కువ కాబట్టి స్టడ్ (తల లేని మరల కడ్డీ) పొడవుగా బయటికి ఉన్న నట్లకు ఇవి అందవు. వాటికి నట్‌ను చీల్చి తీసే నట్ స్ప్లిట్టరే వాడుతున్నాను.