గుర్రానికి పేస్‌మేకర్: ఒక లీడ్ మేలా, రెండు మేలా?

పేస్‌మేకర్ తప్పదని తేలిన గుర్రానికి లేదా పోనీకి (పొట్టి జాతి గుర్రానికి) ఒకే లీడ్ (పరికరం నుంచి గుండెకు విద్యుత్ ప్రేరణను చేర్చే సన్నని తీగ) ఉన్న పరికరం పెట్టించాలా, రెండు లీడ్‌లదా అని యజమానులు పదే పదే అడుగుతున్నారు. విశ్రాంతిలో ఉన్న గుర్రం గుండె అప్పుడప్పుడూ ఒక స్పందన వదిలేయడం, నాలుగడుగులు పరిగెత్తించగానే సర్దుకోవడం ఆరోగ్యవంతమైన గుర్రాల్లోనూ మామూలే కనుక ఇక్కడి చర్చ దాని గురించి కాదు. కర్ణికల నుంచి జఠరికలకు సంకేతం పూర్తిగా ఆగిపోయి, గుండె నిమిషానికి 20 సార్లు కొట్టుకోవడమే గగనమై, మేత మేస్తూనే సొమ్మసిల్లి కూలిపోయే జంతువు గురించి.

ఒక లీడ్ పరికరం కుడి జఠరికను మాత్రమే ప్రేరేపిస్తుంది. వేగం నిర్ణీత స్థాయికి దిగువకు పడిపోకుండా చూస్తుంది గాని, కర్ణికలు ఏం చేస్తున్నాయో దానికి తెలియదు. కదలికను పసిగట్టే సెన్సర్ ఉన్నా, నిలబడినచోటే బెదిరిన గుర్రానికి అది పెద్దగా అక్కరకు రాదు. రెండు లీడ్‌లది కర్ణిక స్పందనను గమనించి, తగిన విరామం తరువాత జఠరికను కొట్టిస్తుంది కనుక, దుడుకు నడకలోనైనా బెదురులోనైనా గుండె సహజమైన లయతో వేగం పుంజుకుంటుంది. అయితే ఇవన్నీ మనుషుల కోసం తయారైన పరికరాలు. దౌడులో గుర్రం గుండె నిమిషానికి 200 దాటుతుంది. అంత వేగాన్ని ఇవి అందుకోలేవు.

కాగితం మీద చూస్తే రెండు లీడ్‌లదే పైచేయి. 2001లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ బృందం ముంగాలి సెఫాలిక్ సిర ద్వారా దాన్ని అమర్చవచ్చని చూపింది కూడా. అయినా నా దృష్టిలో తీర్పు చెప్పవలసింది ఆ రెండో లీడే. మనిషి గుండె సుమారు 300 గ్రాములైతే పెద్ద గుర్రం గుండె నాలుగు కిలోల పైమాటే. అందులో మనిషికి సరిపోయే లీడ్‌ను అల్ట్రాసౌండ్ తెర మీద చూసుకుంటూ కర్ణిక గోడకు పట్టించాలి, గుర్రం మెడను నేలదాకా వంచి మేసి మళ్లీ పైకెత్తే ప్రతిసారీ లాగేయకుండా తగినంత సడలు వదలాలి, అలాగని ఆ సడలు ఉంగరాలు చుట్టుకోకూడదు. పైగా ప్రతి లీడూ ఇన్ఫెక్షన్‌కు మరో దారి, జారిపోగల మరో కొస. ఇంతా చేసి దక్కేది వ్యాయామ సామర్థ్యం. సొమ్మసిల్లిన చరిత్ర ఉన్న గుర్రం మీద పరికరం అమర్చాక కూడా మనిషిని ఎక్కించడానికి నేను ఒప్పుకోను. పచ్చికలో హాయిగా తిరిగితే చాలనుకునే పోనీకి ఒక లీడ్‌దే మేలు. బండి లాగే పని తప్పనిసరైన, వయసులో ఉన్న గుర్రానికి, కర్ణిక లయ ఆరోగ్యంగా ఉందని వ్యాయామ ఈసీజీలో రుజువైతేనే రెండోదాన్ని ఆలోచించవచ్చు.

ఏది ఎంచుకున్నా, వీలైనంతవరకు గుర్రాన్ని నిలబెట్టి, తేలికపాటి మత్తు మందు ఇచ్చి, కోసేచోట మొద్దుబార్చి చేయించడమే నయం. పూర్తి మత్తు నుంచి తేరుకుంటూ లేవబోయి తూలిపడే గుర్రం కాలు విరగ్గొట్టుకోవచ్చు, కొత్తగా పట్టిన లీడ్‌నూ ఊడదీసుకోవచ్చు.

ఛాతీ తెరిచి గుండె పైపొరకు లీడ్ కుట్టే పద్ధతి కూడా ఉంది గాని, సిర దారి అందుబాటులో ఉండగా దాని జోలికి పోనక్కర్లేదు. గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్, సంకేతం పూర్తిగా ఆగిపోయిన ఈ స్థితిలో పెద్దగా పనిచేయదు సరికదా, పేగుల కదలికను ఆపి కడుపునొప్పి తెచ్చిపెడుతుంది.