ఇంటి ప్రార్థన తెలుగులోనా, ఒడియాలోనా?
1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్లాయి. అక్కడి తెలుగు క్రైస్తవ ఇళ్లలో తల్లులకు ఈ సందేహం మామూలే.

తెలుగైతే: అమ్మకు సులువు, ఒడియా బడిలో చదివే పిల్లలకు కష్టం. అక్షరాలు ఇంట్లోనే నేర్పాలి. పైగా మన బైబిలు గ్రాంథికం, తెలుగు వచ్చిన పిల్లలకే కొరుకుడు పడదు.
ఒడియా అయితే: పిల్లలు గడగడా చదువుతారు, అమ్మ తడబడుతుంది.

ఖర్చు ఇంకొక బైబిలు కొనడమే.

అసలు చూడాల్సింది నష్టం. ఒడియా వదిలేస్తే పిల్లలకు స్నేహితులతో కలిసి ప్రార్థించడానికి మాటలు దొరకవు. తెలుగు వదిలేస్తే అమ్మమ్మ కన్నీళ్లతో చేసే ప్రార్థనే అర్థం కాదు. నాకు ఇదే పెద్ద నష్టమనిపిస్తుంది. బైబిల్లో పౌలు శిష్యుడైన తిమోతిని చూడండి: తండ్రి గ్రీసు దేశస్థుడు. అయినా అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసమే అతనికి అందిందని పౌలు రాశాడు.

ఇంట్లో అవ్వాతాతలు ఉంటే తెలుగే మేలు. భర్త ఒడియా వారైతే, లేదా ఉద్యోగరీత్యా కటక్‌లో స్థిరపడితే ఒడియా నయం. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే పాట తెలుగులో, బైబిలు వాక్యం ఒడియాలో పెట్టుకోవచ్చు.