బంపరుకు రంగు: స్ప్రే డబ్బానా, గన్నా?

కావలిలో మా పెరట్లో రెండు పద్ధతులూ చేసి చూశాను. చాలా కార్ల బంపర్లు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు; దానికి రంగు ఒక పట్టాన అంటదు. సబ్బునీళ్లతో కడిగి, 600 నంబరు వాటర్ పేపరుతో రుద్ది, రంగు అంటుకునేలా ముందు వేసే ప్లాస్టిక్ ప్రైమరు కొట్టడం దేనికైనా తప్పదు.

చిన్న గీతలకు డబ్బా చాలు. జానెడు దూరం నుంచి పలుచగా, ఆరనిస్తూ నాలుగు పూతలు వేయండి. మామూలు డబ్బా పూత మాత్రం పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది.

గన్నుకు కంప్రెసరు కావాలి, ఖర్చూ ఎక్కువే. కానీ క్లియర్‌కోటులో (రంగుపై వేసే పారదర్శక పూత) దాన్ని గట్టిపరిచే హార్డెనరుతో పాటు, పూతకు సాగే గుణమిచ్చే ద్రవం కూడా కలపవచ్చు. అలా వేసిన బంపరు అంచును బొటనవేలితో వంచి చూశాను, ఒక్క పగులూ రాలేదు! అయితే హార్డెనరులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, గుడ్డ మాస్కు ఆపలేదు. సరైన రక్షణ లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలేయండి.

సముద్రపు తేమ ముసిరిన రోజు రెండూ వద్దు. పూత పాలలా తెల్లబారుతుంది.