లాడ్జీలో లేడీస్ నైట్: ఇంట్లో తిని వెళ్ళండి

"లాడ్జికాండీ? ఆడ రూములియ్యరండి, దెయ్యాల మేడండి అది" అన్నాడు ఆటో అబ్బాయి. ఫ్రీమేసన్లంటే లోపలి సంగతులు బయటికి చెప్పని మగాళ్ళ పాత సంఘం, వాళ్ళ శాఖనీ, అది కూడే హాలునీ లాడ్జి అంటారు. కాలవ గట్టున ఉన్న వాళ్ళ హాలు గురించి మేమూ చిన్నప్పటి నుంచి ఇవే మాటలు వింటూ పెరిగాం, లోపల పుర్రెలుంటాయనీ, రాత్రిళ్ళు ఏవో పూజలు చేస్తారనీ. మా మావయ్య అందులో మెంబరు. ఎండాకాలంలో కూడా నల్ల కోటు తొడుక్కుని వెళ్తాడు, ఏం చేస్తారక్కడ అంటే నవ్వి ఊరుకుంటాడు. ఈసారి ఇంటిల్లిపాదినీ పిలిచే లేడీస్ నైట్ ఉందని పాసులు తెచ్చాడు, మనిషికి 700.

ముందు తిట్లు. కార్డు మీద ఆరున్నర అని వేసి, మగాళ్ళందరూ మీటింగని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. తీసేసరికి ఎనిమిది ముప్పావు. అంతసేపూ మేము వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం, నీళ్ళ సీసా కూడా ఇచ్చినవాడు లేడు. తలుపు బయట కోటేసుకున్న పెద్దాయన ఒకరు కత్తి పట్టుకుని నిలబడితే, ఎవరత్తయ్యా అని అడిగాను. "టైలరు" అంది. నేను నిజంగానే జాకెట్లు కుట్టే టైలరనుకున్నాను! వీళ్ళలో తలుపు కాసేవాణ్ణి అలా అంటారట.

లోపలికెళ్ళాక మాత్రం కోపం తగ్గింది. చదరంగం బల్లలాగా నలుపు తెలుపు గళ్ళ నేల, బల్ల మీద గీత, ఖురాను, బైబిలు, గురు గ్రంథ్ సాహిబ్, పార్శీల అవెస్తా పక్కపక్కనే. మేసన్ అంటే తాపీమేస్త్రీయే కదా, అందుకని పెద్ద హోదా ఉన్న ముగ్గురి మెడల్లో నీలం పట్టీలకి మూలమట్టం, రసమట్టం, తూకం గుండు వేలాడుతున్నాయి. మా ఇల్లు కట్టిన మేస్త్రీ చూస్తే ఎవరి సామాను ఎవరు వేసుకున్నారని అడిగేవాడు.

రిటైరైన లెక్చరర్ ఒకాయన చరిత్ర చెప్పారు. అసలు 700 దానికే ఇచ్చాననుకున్నా. 1717 జూన్ 24న లండన్‌లో ఓ సారా కొట్టులో నాలుగు లాడ్జీలు కలవడంతో మొదలని వీళ్ళ లెక్క. కలకత్తాకి 1730 ప్రాంతంలోనే వచ్చేసింది. వివేకానందుడు నరేంద్రుడిగా ఉన్నప్పుడు, 1884లో, కలకత్తాలోనే చేరాడంటే నేను నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నా, నిజమే. మన దగ్గర లాడ్జీలు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు వాళ్ళ కింద నడిచేవి. 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా పెట్టుకున్నాక రాంపూర్ నవాబు మొదటి గ్రాండ్ మాస్టరయ్యాడు. లోపల మతం, రాజకీయం ఎత్తకూడదట. గోదావరి జిల్లాలో పాతికమంది మగాళ్ళు రెండు గంటలు రాజకీయం మాట్లాడకుండా కూర్చున్నారంటే, దాచాల్సిన రహస్యం ఇంకేముంటుంది? ఆడవాళ్ళని ఎందుకు చేర్చుకోరు అంటే మాత్రం "మొదట్నించీ అంతేనమ్మా" అని దాటేశారు.

అన్నిటికన్నా నచ్చింది ఓటు పెట్టె. కొత్తవాడు చేరాలంటే పాతవాళ్ళు ఒక్కొక్కరూ ఆ టేకు పెట్టె కంతలో చెయ్యి పెట్టి, ఎవరికీ కనపడకుండా తెల్ల గోళీయో నల్ల గోళీయో జారవిడుస్తారు. నల్లవి పడితే అంతే సంగతులు. చేతులు ఆని ఆని ఆ కంత అంచు అద్దంలా నున్నబడిపోయింది.

భోజనం సోసో. కేటరింగ్ వాళ్ళ బిరియాని చల్లారిపోయింది, పనసపొట్టు కూరలో ఆవ ఘాటే లేదు, కాజా ఒక్కటే బాగుంది. ఆడవాళ్ళ పేరున కూల్‌డ్రింక్ గ్లాసులెత్తి చీర్స్ చెప్పి, తలా ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టారు.

అయిదుకి మూడున్నర ఇస్తా. ఎనిమిదిన్నరకి వెళ్ళండి.

వచ్చేటప్పుడు మా చిన్నది ఆ పెట్టెలో చెయ్యి పెట్టింది. లెక్చరర్ గారు సొరుగు లాగి చూస్తే నల్ల గోళీ.

"ఎవరికమ్మా ఇది?"

"బిరియానీకండి."