మెస్ అన్నం కుండీ పాలు కాకుండా ఉండాలంటే ఏ యాప్ మేలు?

కాలేజీ హ్యాకథాన్లకు, అంటే యాప్‌లు తయారుచేసే పోటీలకు, జడ్జిగా వెళ్లడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. ప్రతిసారీ ఒకటో రెండో టీములు అన్నం వృథా మీద యాప్ తెస్తాయి. అన్నిటిదీ ఒకటే కథ: మెస్‌లో మిగిలింది ఫొటో తీసి పెడితే ఆశ్రమం వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. మ్యాపు ఉంటుంది, ఆకుపచ్చ బటన్ ఉంటుంది, చివరి స్లైడ్‌లో నవ్వుతున్న పిల్లల ఫొటో ఉంటుంది. చాలాసార్లు బహుమతి కూడా దానికే వస్తుంది. నేను ఒక సెమిస్టర్ మెస్ సెక్రటరీగా చేసినవాణ్ణి కాబట్టి నా మార్కులు మాత్రం తక్కువే పడతాయి.

ఒక శనివారం రాత్రి సంగతి చెప్తాను. ఐపీఎల్ మ్యాచ్ ఉంది. మెస్‌లో నాలుగు వందల మందికి వండారు. పిల్లలు చాలామంది గదుల్లోకే బిర్యానీ తెప్పించుకున్నారు. పదింటికి వెళ్లి చూస్తే గుండిగలో సగానికి పైగా అన్నం, పక్క గిన్నెలో అడుగంటిన సాంబారు. కూర ఎప్పుడో అయిపోయింది. మెస్‌లో మిగులు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, అన్నం మిగులుతుంది గానీ కూర మిగలదు. తెలిసిన వాలంటీర్లకు ఫోన్ చేస్తే మర్యాదగానే అడిగారు, "కూరేమైనా ఉందా అన్నా?" అని. ఉత్త అన్నం కోసం రాత్రి పదిన్నరకి పద్దెనిమిది కిలోమీటర్లు బండి వేసుకుని రమ్మని ఎవరిని అడుగుతాం?

పైగా అన్నంతో ఒక చిక్కుంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా పడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచాలి. మే నెలలో మన మెస్ గుండిగ ఈ రెండిట్లో దేనికీ లొంగదు. మిగులు ఆహారం పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది ఊరికే కాదు.

పంచడం తప్పని నేననను. ఫంక్షన్ హాల్లో మూడొందల మంది భోజనం, కూరలూ స్వీటూ సహా, మధ్యాహ్నం రెండింటికి మిగిలితే దానికి మించిన పుణ్యం లేదు. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ అనే వాలంటీర్ల బృందం హైదరాబాద్‌లోనూ అలాంటి పనే చేస్తోంది. అది నడిచేది యాప్ వల్ల కాదు, వేళకి వచ్చే మనుషుల వల్ల. ఇక కోపెన్‌హాగెన్‌లో మొదలైన టూ గుడ్ టు గో అనే యాప్ పద్ధతి, అంటే బేకరీలో మిగిలిన సరుకుని సాయంత్రం మూడో వంతు ధరకి సంచిలో పెట్టి అమ్మడం, మెస్‌కి అసలు అతకదు. ముందే డబ్బు కట్టేసిన అన్నాన్ని మళ్లీ ఎవరికి అమ్ముతారు?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక చూడండి. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల. మెస్ ఈ రెండో ఖాతాలోకే వస్తుంది గానీ హోటల్‌కి లేని సుఖం దానికొకటుంది. రేపు ఎవరెవరు తినొచ్చో పేర్లతో సహా ఈ రోజే తెలుసు. అడిగితే చాలు.

నా ఓటు అడిగే యాప్‌కే. చూడ్డానికి ఏమీ బాగుండదు. రాత్రి ఎనిమిదిన్నరకి ఒక్క ప్రశ్న: "రేపు ఏ పూటైనా మానేస్తున్నారా?" నొక్కకపోతే తింటున్నట్టే లెక్క. దీన్ని తిరగేసి "తింటాను" అని నొక్కమంటే మూడో రోజుకి సగం మంది మర్చిపోతారు, వంట మాస్టర్ ఆ అంకెని నమ్మడం మానేస్తాడు. మానేస్తానని నొక్కి తీరా వచ్చినవాణ్ణి వెనక్కి పంపకూడదు. ఒక్కణ్ణి పంపితే చాలు, మర్నాటికి హాస్టల్ అంతా యాప్ తీసేస్తుంది.

లెక్క వేద్దాం. పూటకి మనిషికి 150 గ్రాముల బియ్యం అనుకుంటే నాలుగు వందల మందికి 60 కిలోలు. శుక్రవారం రాత్రి బస్సులకి తొంభై మంది ఊళ్లకి వెళ్లిపోతే కావాల్సింది 46.5. తేడా 13.5 కిలోలు. ఉడికాక అది దాదాపు మూడింతల బరువు. ఆ కుండీని ఇద్దరు ఎత్తాలి.

అసలు పేచీ డబ్బు దగ్గర వస్తుంది. డివైడింగ్ సిస్టమ్ ఉన్న హాస్టల్లో నెల ఖర్చంతా అందరి మీదా పంచుతారు. నేనొక్కణ్ణి పూట మానేస్తే తగ్గిన రూపాయలు నాలుగు వందల జేబుల్లోకి పోతాయి. కాంట్రాక్టు మెస్‌లో అయితే నేరుగా కాంట్రాక్టరుకే మిగులుతుంది. ఇక నేనెందుకు నొక్కుతాను? చాలాచోట్ల మెస్ కట్ (తినని రోజులకి బిల్లు తగ్గింపు) ఉన్నా, వరసగా కొన్ని రోజులు లేకపోతేనే ఇస్తారు. అందుకని పూట లెక్కన సరుకుల ఖర్చు మేరకైనా బిల్లులో తగ్గించాలి. గ్యాసు, జీతాలు ఎలాగూ తగ్గవు, అవి వదిలేయండి. బ్యాడ్జీలు, లీడర్ బోర్డులు పెట్టే టీములకి నాదొక ప్రశ్న: మీ హాస్టల్లో బ్యాడ్జి కోసం పూరీ వదులుకునేవాడు ఎవడైనా ఉన్నాడా? వార్డెన్ ఈ తగ్గింపుకి ఒప్పుకోకపోతే యాప్ రాయొద్దు, దండగ. ఒప్పుకుంటే ముందు రెండు వారాలు వాట్సాప్ పోల్‌తో నడిపి చూడండి.

మూడో రకం ప్లేట్లలో పారేసింది తూచే యాప్. కెమెరా పెట్టి ఎవరు ఎంత వదిలారో పట్టుకుంటామని వస్తారు. పిల్లల కంచాల మీద నిఘా నాకు నచ్చదు. అయితే తూకం మంచిదే. చెయ్యి కడిగే చోట బకెట్టు కింద కాటా, పక్కన బోర్డు, రోజుకో అంకె. మేం పెట్టినప్పుడు మొదటి వారం వృథా తగ్గింది, నెల తిరిగేసరికి బోర్డుని ఎవరూ చూడలేదు. కానీ ఆ అంకెల పక్కన మెనూ రాసుకున్నందుకు ఒకటి తెలిసింది. ఉప్మా రోజున బకెట్టు రెండింతలు నిండుతోంది. పిల్లలకి బుద్ధి చెప్పాల్సింది ఏమీ లేదు, ఉప్మా మార్చాలి అంతే. ఈ యాప్ పిల్లలకి కాదు, మెనూ కమిటీకి ఇవ్వాలి.

అమెరికాలో ఎమ్మెస్ చేసే మనవాళ్లకి ఇవేవీ పనికిరావు. నలుగురు, ఒక ఫ్రిజ్, వంతులవారీ వంట. అక్కడ వృథా అంతా పై అర వెనకాల మర్చిపోయిన పప్పు డబ్బాలో ఉంటుంది. బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్ కన్నా మూత మీద తేదీ రాసిన టేపు ముక్క నయం.

మళ్లీ మెస్‌కే వస్తే, యాప్‌లో తేలిన అంకె వంట మాస్టర్‌కి చేరే తీరు మీదే అంతా ఉంది. అన్నం మిగిలితే కుండీకి తెలుస్తుంది, చాలకపోతే ప్రిన్సిపాల్‌కి తెలుస్తుంది. అందుకే ఏ మాస్టరైనా ఓ నాలుగు కిలోలు ఎక్కువే వేస్తాడు. ఆయనకి డ్యాష్‌బోర్డులు, గ్రాఫులు వద్దు. ఒక్క మెసేజ్ వెళ్లాలి: "రేపు రాత్రి 310 మంది. బియ్యం నలభై ఆరున్నర." మా మాస్టర్ మొదటి రోజు ఫోన్ చేసి, "నలభై ఆరున్నరా? చాలదు బాబూ, యాభై రెండు వేస్తా" అన్నాడు. వేశాడు. మిగిలింది, ఆయనే చూశాడు. రెండో వారంలో యాభై అన్నాడు. నెలాఖరుకి నలభై ఎనిమిదికి దిగాడు, అక్కణ్ణించి ఎంత బతిమాలినా కిలో తగ్గలేదు.