శాంపిల్ తీసిన సమయం: ఇంటివద్ద టెస్టోస్టిరాన్ పరీక్ష సేవపై సమీక్ష

పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ లోపానికి చికిత్స మొదలుపెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఏడాదికి పైగా ఒకే ల్యాబ్ వారి ఇంటివద్ద శాంపిల్ సేకరణ సేవను వాడుతున్నాను. ప్యాకేజీలో ఏయే పరీక్షలు ఉంటాయో, బుకింగ్ ఎలా చేయాలో అందరికీ తెలిసినదే కనుక వాటి జోలికి పోను. నా ఫిర్యాదంతా రిపోర్టు పైభాగంలో, పేరు, వయసుల పక్కన చిన్న అక్షరాలతో పడే ఒక్క వరుస గురించే: శాంపిల్ తీసిన సమయం.

టెస్టోస్టిరాన్ ఉదయం గరిష్ఠంగా ఉండి పొద్దు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిండి తిన్నా కొంత పడిపోతుంది. అందుకే లక్షణాలు ఉండి, ఉదయం పరగడుపున వేర్వేరు రోజుల్లో చేసిన పరీక్షల్లో మళ్లీ మళ్లీ తక్కువగా వస్తేనే లోపాన్ని నిర్ధారించాలని హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్థాయి తక్కువ అనడానికి యూరాలజీ వైద్యుల సంఘమైన అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ అదే ఏడాది సూచించిన హద్దు డెసీలీటరుకు 300 నానోగ్రాములు. నా మొదటి ఫలితం ఆ హద్దుకు కాస్త దిగువనే వచ్చింది కనుక, చికిత్స మొదలవుతుందా లేదా అన్నది రెండో పరీక్ష మీదే ఆధారపడింది.

ఆ రెండో పరీక్షకు ఉదయం 8 గంటల స్లాటు తీసుకున్నాను. మంచినీళ్లు తప్ప ఏమీ తాగకుండా ఎదురుచూస్తూ ఉండగా, 10 దాటాక ఫోన్ చేస్తే, టెక్నీషియన్ దారిలో ఉన్నారని, హార్మోన్ పరీక్షలకు పరగడుపు అక్కర్లేదు కనుక తినేయవచ్చని అవతలి నుంచి సమాధానం వచ్చింది. మధ్యాహ్న భోజనం కూడా అయ్యాక, ఇంచుమించు 3 గంటలకు ఆయన వచ్చి, పాపం, క్షమాపణ చెప్పి, నొప్పి తెలియకుండా రక్తం తీసుకుని, ట్యూబుపై బార్‌కోడ్ అంటించుకుని వెళ్లారు. మర్నాడు వచ్చిన రిపోర్టులో అంకె మొదటిదానికన్నా తక్కువగా, ఎర్ర రంగులో ఉంది. దాని పైన మాత్రం శాంపిల్ తీసిన సమయం ఉదయం 8.00 గంటలు, పరగడుపున అని నిక్షేపంగా అచ్చయి ఉంది. ఆ కాగితం ఒక్కటే చూసిన ఏ డాక్టరైనా లోపం ఖాయమనే అనుకుంటారు. నా దగ్గర టెక్నీషియన్ చేరుకున్నప్పుడు వచ్చిన సందేశం ఉండబట్టి దాన్ని చూపగలిగాను. ల్యాబ్‌ను నిలదీస్తే, బుక్ చేసిన స్లాటు సమయమే రిపోర్టులోకి దానంతట అదే ఎక్కుతుందని తాపీగా సెలవిచ్చారు.

ఈ చికిత్స మొదలుపెడితే వృషణాలను పనిచేయించడానికి మెదడు నుంచి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ సంకేతాలు అణగిపోయి, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారికి అది చిన్న విషయం కాదు. తర్వాత ఆపి సొంత స్థాయి ఎంతో చూసుకుందామన్నా, శరీరం కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. అచ్చులో పడిన ఒక్క తప్పుడు వేళ అంత దూరం తీసుకుపోగలదు.

డబ్బు తీసుకోకుండా మళ్లీ పరీక్ష చేశారు, అది ఒప్పుకోవాలి. ఈసారి నిజంగానే ఉదయం తీసిన శాంపిల్‌లో అంకె హద్దు దాటి పైకి వచ్చింది. డాక్టరు అదనంగా రాసిన ఎస్‌హెచ్‌బీజీ మాత్రం తక్కువగా ఉంది. టెస్టోస్టిరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ఈ ప్రోటీను అధిక బరువు ఉన్నవారిలో తగ్గుతుంది. అప్పుడు మొత్తం టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించినా, కణాలకు అందే స్వేచ్ఛా భాగం సరిపడా ఉండవచ్చు. నా విషయంలో లెక్కకట్టి చూస్తే అలాగే తేలింది. మందు పక్కన పెట్టి, బరువు, నిద్ర సంగతి చూసుకోమన్నారు.

ఈ సేవను మొదట్లో నేను చాలామందికి సిఫారసు చేశాను. టెక్నీషియన్ల చేతి నేర్పు, రిపోర్టు వచ్చే వేగం గురించి అప్పుడు చెప్పినవి నేటికీ నిజమే, కానీ ఆ మెప్పు ఇప్పుడు రక్తం తీసేవరకే. ప్యాకేజీలోని స్వేచ్ఛా టెస్టోస్టిరాన్‌ను నేరుగా ఇమ్యునోఅస్సే (యాంటీబాడీల సాయంతో కొలిచే) పద్ధతిలో కొలుస్తారు. ఆ పద్ధతి అంత నమ్మదగినది కాదు. ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ (రక్తంలోని మరో ప్రోటీను) అంకెలతో లెక్కకట్టడమో, స్వేచ్ఛా భాగాన్ని పలుచని పొర ద్వారా వేరుచేసి కొలిచే ఈక్విలిబ్రియం డయాలసిస్ చేయించడమో మేలు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో మింగేవారికి కొన్ని యంత్రాలపై ఫలితాలు తారుమారవుతాయన్న హెచ్చరిక కూడా బుకింగ్‌లో ఎక్కడా కనిపించదు.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష) వంటి పరీక్షలకు నేటికీ వీరినే పిలుస్తున్నాను, వాటికి గంటల తేడా అంతగా పట్టదు. టెస్టోస్టిరాన్‌కు మాత్రం రోజులో మొదటి స్లాటే తీసుకుంటాను, ఆలస్యమైతే రద్దు చేస్తాను, సూది దిగిన సమయాన్ని టెక్నీషియన్ చేతే ఆర్డరు కాగితంపై రాయించుకుంటాను. ఇల్లు కదలడం కష్టమైన వారికి ఇంతకన్నా సౌకర్యం దొరక్కపోవచ్చు. నాకు ల్యాబ్ దగ్గరే కనుక, నిర్ధారణ కోసం చేసే పరీక్షకైతే పొద్దున్నే స్వయంగా వెళ్లడమే మేలనిపిస్తోంది. రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోయేవారికి ఉదయం 8 గంటలన్న లెక్కే వర్తించకపోవచ్చు. వారు ఎప్పుడు శాంపిల్ ఇవ్వాలో ముందే డాక్టరును అడగాలి.