అర్క రక్షక్ టమాట విత్తనం: పత్తికొండ చేలల్లో దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు

బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన హైబ్రిడ్ ఇది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుందన్న మాట నిజమే. కర్నూలు జిల్లా పత్తికొండ, దేవనకొండ వైపు ఎండాకాలంలో, ఆకుముడత వైరస్‌ను మోసే తెల్లదోమ ముమ్మరంగా ఉన్నప్పుడు నాటేవారు తప్పక కొనదగ్గ విత్తనం.

తట్టుకోవడమంటే వైరస్ మొక్కలోకి రాకపోవడం కాదు. వచ్చినా అది పెద్దగా పెరగదు, కాపు నిలుస్తుంది. నారు దశలోనే దోమ కుడితే మాత్రం ఆ బలం చాలదు. అందుకే 40 మెష్‌కు (అంగుళానికి 40 రంధ్రాలు) తగ్గని నైలాన్ వల కింద, 98 గుంతల ట్రేలలో కొబ్బరిపొట్టు వేసి నారు పెంచాలి. వరుసల మధ్య 4 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులు వదిలితే ఎకరాకు 5,400 మొక్కలు. చచ్చిన మొక్కల చోట మళ్లీ నాటడానికి కావలసిన నారుతో కలిపి 60 ట్రేలు పడతాయి. గ్రాముకు దాదాపు 300 గింజలు కాబట్టి 20 గ్రాముల విత్తనం సరిపోతుంది. 25 రోజుల నారు నాటాలి. కాయ 80 నుంచి 100 గ్రాములు, గట్టిది, దూరపు మార్కెట్‌కు లారీలో నలగకుండా పోతుంది. ఆ బరువుకు కట్టెలు, తీగ తప్పవు.

ఎండు తెగులు దగ్గర ఒక మెలిక ఉంది. నీరు నిలిచే మడిలో, వేళ్లకు నులిపురుగుల బుడిపెలున్న నేలలో ఈ రకమూ వాడిపోతుంది. పురుగు చేసిన గాయాల్లోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. అనుమానముంటే వాడిపోయిన మొక్క కాండం కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియానే.

మన దగ్గర అసలు లోటు వేరే ఉంది. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చే వైరస్ టమాటకూ సోకుతుంది. దాన్ని మోసేది తెల్లదోమ కాదు, తామర పురుగు. ఈ విత్తనానికి దానిపై రక్షణ లేదు. చిగురు కంచు రంగుకు తిరిగి మాడినా, కాయలపై వలయాలు పడినా విత్తనం నకిలీదని డీలరుతో గొడవపడకండి. పక్కన వేరుశనగ చేనుంటే నాటుకు ముందే చుట్టూ నాలుగు వరుసల జొన్న వేయండి, నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, సోకిన మొక్కను తొలి వారాల్లోనే పీకేయండి.

కాయల నుంచి విత్తనం తీసి మళ్లీ వేయడం మాత్రం వద్దు. ఆకుముడతను తట్టుకునే జన్యువు హైబ్రిడ్‌కు తల్లి, తండ్రి రకాల్లో ఒకదాని నుంచే వచ్చి ఉంటే, మరుతరంలో నాలుగింట ఒక మొక్కకు అది ఉండదు. మిగతా రెండు తెగుళ్ల బలం ఎన్నో జన్యువుల కలయిక కాబట్టి ఇంకా ఎక్కువగా చెదిరిపోతుంది. ప్రతి పంటకూ కొత్త ప్యాకెట్ కొనండి, లాట్ నంబరున్న బిల్లు అడిగి తీసుకోండి.